నాట్లా, వెదా? కృష్ణా డెల్టా వరికి తేదీల లెక్క, నీళ్ల లెక్క

కృష్ణా డెల్టాలో వరి ఎలా వేయాలన్న ప్రశ్నకు ఒకప్పుడు ఒకటే జవాబు ఉండేది. కాలువకు నీళ్లు వదలగానే నారు పోయడం, నెల తిరిగేసరికి నాటడం. ఇప్పుడు ఆ మొదటి మాటకే భరోసా లేదు. 1901 నుంచి లెక్క చూస్తే దేశంలో అన్నిటికన్నా తక్కువ వాన పడ్డ ఆగస్టు 2023లోది. నీళ్ల కోసం అల్లాడిన ఆ ఏడాదే డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటి కోత చేలను పడుకోబెట్టింది. మరుసటి సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోయింది, బుడమేరు విజయవాడలో ఇళ్లు ముంచింది. పదమూడు నెలల్లో ఎండ, గాలివాన, వరద మూడూ అయిపోయాయి.

కాబట్టి "ఏ పద్ధతి మంచిది?" అని మొదలుపెడితే లెక్క తేలదు. ముందు కోత తేదీ అనుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. ఈనిక, అంటే కంకి బయటపడటం, ఏ వారంలో పడుతుంది, విత్తనం ఏ రోజు నేలలో పడాలి, ఆ రోజుకు కాలువలో నీళ్లుంటాయా అన్నవి తేలితే నాట్లో, వెదో (నారు లేకుండా విత్తనం నేరుగా చేలో వేయడం) సగం తేలినట్టే. రకం ఆ తర్వాతి మాట. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మిల్లరు అడిగే రకం ముందు ఖాయం చేసుకుని, తేదీని దేవుడికి వదిలేస్తారు.

నీళ్లు ఎటు పోతాయి

ఎకరంలో ఒక్క అంగుళం నీరు నిలబెట్టాలంటే లక్ష లీటర్లకు పైనే కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతా లెక్కంతా ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు.

నాటు వరికి దమ్ముకే 150 నుంచి 200 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. అది మొక్క తాగిన నీరు కాదు, నేలను బురద చేయడానికి పెట్టిన ఖర్చు. ఆ తర్వాత ఆకుల గుండా, నీటి పైభాగం నుంచి ఆవిరయ్యేది రోజుకు 5 నుంచి 7 మి.మీ. మిగిలింది కిందికి ఇంకేది, గట్ల సందుల్లో జారేది. తెనాలి, దుగ్గిరాల వైపు నల్ల బంకమట్టిలో ఇంకుడు తక్కువ. ఇసుకపాలు ఎక్కువున్న నేలల్లో అదే అన్నిటికంటే పెద్ద ఖర్చు. అన్నీ కలిపి పంటకు 1,200 మి.మీ. అనుకుంటే ఒక టీఎంసీ నీరు 6,000 ఎకరాలకు కూడా సరిపోదు. ప్రకాశం బ్యారేజీలో నిలవ ఉండేది 3 టీఎంసీల చిల్లర. డెల్టా ఆయకట్టు దాదాపు 13 లక్షల ఎకరాలు. అంటే బ్యారేజీ దారి మళ్లించేదే గాని దాచిపెట్టేది కాదు. పైన పులిచింతల, నాగార్జునసాగర్‌లో ఉన్నదీ, 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా వచ్చే గోదావరి నీరూ మన పంచాంగాన్ని నడుపుతున్నాయి.

వేడి పెరిగితే ఈ లెక్క ఎలా మారుతుందన్నదాంట్లో చిన్న మెలిక ఉంది. రోజువారీ ఆవిరి పెరుగుతుంది. కాని అదే వేడికి పంట తొందరగా ముదురుతుంది, చేలో ఉండే రోజులు తగ్గుతాయి. మొత్తం నీటి ఖర్చు అనుకున్నంత పెరగకపోవచ్చు, గింజ నిండే రోజులు మాత్రం తగ్గుతాయి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఆకు రంధ్రాలు కొంత మూసుకుని నీరు ఆదా అవుతుందన్నది నిజమే. దాని వెనకే ఇంకోటి వస్తుంది: అలాంటి గాలిలో పండిన బియ్యంలో మాంసకృత్తులు, ఇనుము, జింకు తగ్గుతాయని పొలంలో చేసిన ప్రయోగాల్లో తేలింది. అయినా మన దగ్గర అసలు ఇబ్బంది మొత్తం నీటిలో కంటే అది వచ్చే రోజులో ఉంది. జూలైలో కావలసిన నీరు సెప్టెంబరులో వరదగా వస్తే లెక్కలో సరిపోతుంది, చేలో సరిపోదు.

ఈనిక వారం

వరి పూత ఉదయం 9 నుంచి 11 గంటల మధ్య విప్పుకుంటుంది. గింజ తొడుగు రెండుగా తెరుచుకుని, పసుపు పచ్చని పుప్పొడి తిత్తులు ఆరు బయటకు వేలాడి, గంటా గంటన్నరలో మళ్లీ మూసుకుంటుంది. ఆ గంటలో కంకి దగ్గర వేడి 35 డిగ్రీలు దాటితే తిత్తులు సరిగా పగలవు, పుప్పొడి రాలదు, ఆ గింజ తాలవుతుంది. పొడి గాలి ఉన్నచోట మొక్క బాగా చెమర్చి కంకిని చల్లబరుచుకుంటుంది. ఆస్ట్రేలియా వరి చేలలో కంకి చుట్టూ ఉన్న గాలి కంటే ఆరేడు డిగ్రీలు చల్లగా ఉన్నట్టు కొలిచారు. మనది కోస్తా ఉక్క. ఇక్కడ ఆ చల్లదనం దొరకదు.

సార్వాలో, అంటే వానాకాలం పంటలో, ఈనిక అక్టోబరు, నవంబరుల్లో పడుతుంది గనక పగటి ఎండతో పెద్ద భయం లేదు. ఆ భయం దాళ్వాది, అంటే సార్వా వెనక వేసే రెండో పంటది. సార్వాకు పగటి ఎండ కంటే రాత్రి ఉక్క ఎక్కువ చేటు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలం లెక్కలను 2004లో ప్రచురించింది. ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి దాదాపు పదో వంతు తగ్గిందని అందులో తేలింది. పగలు వండుకున్నది రాత్రి మొక్కే తినేస్తుంది, గింజకు చేరేది తగ్గుతుంది. పొట్టతెలుపు గింజ, మిల్లులో నూక ఎక్కువ రావడం కూడా ఈ దారినే వస్తాయి. సన్నాలు పండించేవారికి ఇది ధరలో పడే దెబ్బ.

తేదీలు వెనక్కి లెక్కపెడితే

సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, సుమారు 150 రోజుల పంట. జూలై 15న నారు పోస్తే ఈనిక నవంబరు 12 ప్రాంతంలో, కోత డిసెంబరు 12 ప్రాంతంలో. నీళ్లు ఆలస్యమై ఆగస్టు 5న పోస్తే ఈనిక డిసెంబరు మొదటి వారానికి, కోత సంక్రాంతి ముంగిటికి జరుగుతాయి. అప్పటికి రాత్రి మంచు పడుతుంది, మెడవిరుపు తెగులుకు అదే కావాలి. వెనక మినుముకు పదును కూడా మిగలదు.

అదే రకాన్ని జూన్ 25న, ఆరుద్ర కార్తె మొదట్లో, పొడి దుక్కిలో వెద పెడితే నాటు దెబ్బ లేనందువల్ల వారం పది రోజులు ముందే వస్తుంది. కోత నవంబరు 12 ప్రాంతం. "ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండుతాయి" అన్న సామెత వెద పెట్టినవాళ్లు పుట్టించిందే అయ్యుండాలి.

ఇక్కడో నిజం చెప్పుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో తుఫాను భయం లేని తేదీ లేదు. ముందు కోస్తే తప్పించుకుంటామన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కాని తుఫాను వచ్చినప్పుడు చేను ఏ దశలో ఉందన్నది నష్టాన్ని మార్చేస్తుంది. పిలకల దశలో ఉన్న చేను రెండు రోజులు నీళ్లలో ఉన్నా లేస్తుంది. ఈనికలో ఉంటే పుప్పొడి కొట్టుకుపోయి తాలు పెరుగుతుంది. పండిన చేను పడిపోతుంది. కోసి పనల మీద ఉన్నది మొలకెత్తుతుంది. అందుకే నాలుగైదు ఎకరాలు చేసేవారు మొత్తం ఒకే తేదీకి పండేలా వేసుకోవడం మాకు నచ్చదు. సగం 120 రోజుల రకం, సగం 150 రోజుల రకం వేస్తే రెండూ ఒకే తుఫానుకు ఒకే దశలో దొరకవు.

నాట్లు, యంత్రం, డ్రమ్ సీడర్, పొడి వెద

చేతి నాటుకు ఎకరాకు 20 నుంచి 25 కిలోల విత్తనం. కలుపు నీటి కింద అణిగిపోతుంది, ఇది దీనికున్న అసలు బలం. కాలువ ఆలస్యమైన ఏడాది నారు ముదరడం దీని బలహీనత. నెలకు వారం చొప్పున అని పెద్దల లెక్క: నాలుగు నెలల పంటకు నాలుగు వారాల నారు, ఐదు నెలల పంటకు ఐదు వారాల నారు. అంతకు ముదిరితే పిలకలు తగ్గుతాయి. స్వల్పకాలిక రకమైతే నాటిన నెలలోపే అరకొరగా ఈనేస్తుంది. ముదురు నారే దిక్కయినప్పుడు కుదుళ్లు దగ్గరగా పెట్టి, కుదురుకు నాలుగైదు మొక్కలు వేయండి, కొనలు తుంచి నాటండి. కొనల మీద కాండం తొలుచు పురుగు గుడ్లు ఉంటాయి, అవీ పోతాయి. నత్రజని మొదటి దఫాలోనే కాస్త ఎక్కువ పెట్టండి.

యంత్రం నాటుకు 12 నుంచి 15 కిలోలు చాలు. ట్రేలలో చాపలా పెంచిన 15–18 రోజుల నారు కావాలి. కాలువ ఎప్పుడు వస్తుందో తెలియని ఏడాది దీనికున్న మేలు అదే: నీళ్లు వస్తాయన్న కబురు తెలిశాక ట్రేలు పోసుకున్నా సమయం ఉంటుంది. బోరుందా, ఇంటి దొడ్లో పెంచుకోవచ్చు. తప్పు ఎక్కువగా దమ్ము దగ్గర జరుగుతుంది. నల్ల బంకమట్టిలో దమ్ము చేసిన రోజే యంత్రం దింపితే చక్రం దిగబడుతుంది, నారు బురదలోకి మునిగిపోతుంది. రెండు మూడు రోజులు మట్టి పేరనివ్వాలి, పైన అర అంగుళం నీరు మాత్రమే ఉండాలి. చదును సరిగా లేని మడిలో పల్లంలో మొక్కలు తేలిపోతాయి, మెరకలో కలుపు లేస్తుంది.

డ్రమ్ సీడరు అంటే మొలక కట్టిన విత్తనాన్ని రంధ్రాల గుండా సాళ్లలో రాల్చే డ్రమ్ము. దీనికి నారుమడి అక్కర్లేదు, దమ్ము మాత్రం కావాలి. ఎకరాకు 12 నుంచి 15 కిలోలు. విత్తనం 24 గంటలు నానబెట్టి, గోనెలో ఒక రోజు మండెకట్టి, ముక్కు పగిలి తెల్ల చుక్క కనిపించగానే పోయాలి. మొలక పొడవు పెరిగిందో, రంధ్రాల్లో ఇరుక్కుని సాలు మధ్యలో ఖాళీలు పడతాయి. డ్రమ్ము మూడింట రెండొంతులే నింపాలి, నిండా పోస్తే గింజ రాలదు. విత్తిన రెండు మూడు రోజుల్లో గట్టి వాన పడితే గింజ కొట్టుకుపోయి ఒక మూలకు చేరుతుంది. అందుకే వాతావరణ శాఖ ఐదు రోజుల సూచన చూడకుండా డ్రమ్ము బయటికి తీయొద్దు. మురుగు వెళ్లే తూము తెరిచి ఉంచండి. మొదటి వారం పిట్టల కాపలా తప్పదు. కలుపుకు విత్తిన 8–10 రోజుల్లో ఎకరాకు 80 గ్రాముల పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ ఇసుకలో కలిపి చల్లుతారు. ఊద, తుంగ మిగిలితే 15–20 రోజులకు బిస్‌పైరిబాక్ సోడియం 100 మి.లీ. కొట్టే ముందు నీరు తీసేసి, రెండు రోజుల్లోపు మళ్లీ పెట్టాలి. నీరు తీయకుండా కొట్టి మందు పని చేయలేదని అనుకునేవారే ఎక్కువ.

ఇక పొడి వెద. దమ్ము లేదు, నారు లేదు, కాలువ కోసం ఎదురుచూపు లేదు. వేసవి దుక్కి చేసి చదును చేసుకున్న నేలలో తొలకరికి గొర్రుతోనో, ట్రాక్టరు సీడ్ డ్రిల్లుతోనో 15 నుంచి 20 కిలోలు విత్తేస్తారు. దమ్ముకు పెట్టే ఆరెనిమిది అంగుళాల నీరు మిగులుతుంది. కాలువ వచ్చేసరికి నెల వయసు పైరు చేలో ఉంటుంది. ఆలస్యపు కాలువకు ఇంతకంటే మంచి జవాబు లేదు. అయినా అందరికీ చెప్పలేకపోవడానికి కారణాలున్నాయి.

విత్తనం ఒక అంగుళం దాటి లోతుకు పోతే మొలక పైకి రాదు. నల్లనేలలో విత్తిన మర్నాడు కుంభవృష్టి పడితే పైన పొర కట్టి, గింజ లోపలే కుళ్లిపోతుంది. జూలైలో వాన ముఖం చాటేస్తే పైరు నెర్రెల మధ్య నిలబడి చూస్తుంది, కనీసం ఒక తడి ఇవ్వగల బోరో, ఇంజనుతో తోడే డ్రెయినో దగ్గర్లో ఉండాలి. కలుపు నాటు చేను కంటే చాలా ఎక్కువ. విత్తిన 24 నుంచి 48 గంటల్లో తడి నేల మీద పెండిమిథాలిన్ ఎకరాకు లీటరు నుంచి లీటరుంబావు 200 లీటర్ల నీటిలో కొట్టి తీరాలి. ఆ రెండు రోజులు దాటితే ఆ పంట కలుపు కూలీకే. నిరుడు రాలిన గింజ మొలిచి కేళీలు (వేరే రకం మొక్కలు) వస్తాయి, విత్తనాల కోసం పండించేవారికి ఇది పనికిరాదు. నేలలో నీరు నిలవనందువల్ల లేత ఆకులు పాలిపోయి తెల్లబడతాయి, అది ఇనుప ధాతు లోపం. లీటరుకు 5 నుంచి 10 గ్రాముల అన్నభేదికి (ఫెర్రస్ సల్ఫేటు) చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు కొడితే తేరుకుంటుంది. జింకు లోపం కూడా ఈ చేలలోనే ముందు కనపడుతుంది, అందుకే దుక్కిలోనే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోవడం మేలు.

ఇవన్నీ చూశాక మా ఎంపిక ఇలా ఉంటుంది. కాలువ మొదట్లో, జూలైలోనే నీరు అందే చేలకు నాటే మంచిది, కూలీలు దొరకకపోతే యంత్రం. శివారు ఆయకట్టు, రేపల్లె, నిజాంపట్నం వైపు, నీరు ఆగస్టు దాటాక చేరేచోట మెరక చేలకు పొడి వెద. శివారైనా పల్లం అయితే వెద వద్దు. జూలై చివరి వానకు జానెడు పైరు మునిగితే మళ్లీ మొదటికి రావాలి. నీళ్లు ఆగస్టు మొదట్లో వచ్చి నారు లేనివారికి 120 రోజుల రకంతో డ్రమ్ సీడర్. ఆగస్టు 1న విత్తినా నవంబరు నెలాఖరుకు కోతకు వస్తుంది.

పైపు పెట్టి చూడటం

నాటినా వెద పెట్టినా, తర్వాత మూడు నెలలు నీరు ఎలా పెట్టాలన్నది వేరే ఎంపిక. ఎప్పుడూ నిలబెట్టడం ఒకటి, తడిపి ఆరబెట్టడం ఒకటి. రెండోదాంతో 15 నుంచి 30 శాతం నీరు తగ్గుతుందని, నేల నుంచి వచ్చే మీథేన్ దాదాపు సగానికి పడుతుందని లెక్కలున్నాయి. సుడిదోమకు కూడా చేను మొదళ్లు ఆరడం గిట్టదు.

ఆరిందో లేదో కంటితో చూసి చెప్పలేం, పైపు కావాలి. ఆరంగుళాల పీవీసీ పైపు అడుగు ముక్క కోయండి. కింది సగానికి చుట్టూ రెండు సెంటీమీటర్లకొక రంధ్రం వేయండి. గట్టుకు దగ్గరగా, మడిలో మధ్యస్థంగా ఉన్నచోట, రంధ్రాలున్న సగం నేలలోకి దిగేలా కొట్టి, లోపలి మట్టి అడుగుదాకా చేత్తో తీసేయాలి. మట్టి తీయకపోతే లోపల బురద పేరుకుని ఎప్పుడూ తడిగానే కనిపిస్తుంది. నాటిన రెండు వారాల తర్వాత నీరు కట్టేయండి. పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక మళ్లీ రెండంగుళాలు పెట్టండి. ఈనికకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా ఆరబెట్టడం మానేయాలి, ఆ రోజుల్లో రెండంగుళాల నీరు ఉండాల్సిందే. యూరియా ఆరిన నేల మీద చల్లి వెంటనే నీరు పెట్టండి. నిలవ నీటిలో చల్లి తర్వాత ఆరబెడితే నత్రజని గాలిలో కలుస్తుంది.

పుస్తకాల్లో 15 సెంటీమీటర్లని ఉంటుంది. మన నల్లరేగడిలో అంత దాకా ఆగొద్దు. వేలు దూరేంత నెర్రె పడ్డాక పెట్టిన నీరు మొక్కకు కాక నెర్రెలోకి పోతుంది, ఆదా చేసింది అక్కడే ఖర్చవుతుంది. ఎనిమిది పది సెంటీమీటర్ల దగ్గర, నెర్రె వెంట్రుక వాసిగా కనపడగానే నీరు పెట్టేయాలి.

ఇంకో మాట. ఈ పద్ధతిలో మిగిలేది ఇంకే నీరు, మొక్క తాగేది తగ్గదు. కాబట్టి ఇంకుడు తక్కువున్న డెల్టా నడిబొడ్డులో ఆదా తక్కువ. నందిగామ, మైలవరం వైపు బోరు కింద వరి వేసే ఎర్రనేలల్లో బాగా ఎక్కువ. పైగా డెల్టాలో చాలాచోట్ల బోదె (చేనుకు నీరు తెచ్చే పిల్లకాలువ) ఉండదు, పై చేనులోంచి కింది చేనుకు పారకం. పై రైతు ఆరబెడితే కింది రైతుకు నీరు రాదు, కింది రైతు ఆరబెడదామనుకున్నా పై నీరు ఆగదు. బోదె కింద పది పదిహేను ఎకరాల వాళ్లు కలిసి వంతులు పెట్టుకుంటే తప్ప అక్కడ పైపు పెట్టి లాభం లేదు.

రకం

1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204కు మిల్లు దగ్గర దొరికే ధర ఇంకో రకానికి అంత తేలిగ్గా రాదు. అది వేయొద్దని చెప్పడం వృథా. కాని అది పడిపోయే రకం, అగ్గి తెగులుకు, ఎండాకు తెగులుకు, దోమకు లోబడే రకం. జూలై 20లోపు నారు పోయగలిగితేనే వేయండి. దాటితే 120–125 రోజుల ఎంటీయూ 1121 గాని, ఎన్ఎల్ఆర్ 34449 గాని చూడండి. పల్లం చేలకు ఎంటీయూ 1061, ఎంటీయూ 1064 వాడుకలో ఉన్నాయి, నిలవ నీటిని కొంత ఓర్చుకుంటాయి. వారం పది రోజులు పూర్తిగా మునిగే చేలకైతే 2009లో విడుదలైన స్వర్ణ సబ్ 1 ఉంది. మరుటేరు స్వర్ణకు ముంపు ఓర్చే జన్యువు కలిపి చేసినది అది. నీటి కింద పెరుగుదల ఆపుకుని శక్తి దాచుకుంటుంది, నీరు తీశాక లేస్తుంది. అయితే ఇది పిలకల దశ ముంపుకే, కోత ముందు పడిపోవడానికి దీనికీ మందు లేదు.

సాంబ మసూరినే జన్యు సవరణతో 15–20 రోజులు ముందు పండేలా చేసిన డీఆర్ఆర్ ధన్ 100ను 2025 మేలో ప్రకటించారు. తేదీల లెక్కకు ఇది సరిగ్గా కావలసిన సరుకే. మన నేలల్లో నాలుగు పంటలు చూసేదాకా మొత్తం చేను దానికి ఇవ్వొద్దు.

తీరం దగ్గర, నాగాయలంక, కోడూరు, నిజాంపట్నం వైపు, లెక్క వేరు. కాలువలో పారుదల తగ్గితే డ్రెయిన్ల గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. నేల ఉప్పదనం (పరీక్షలో మీటరుకు డెసీసీమెన్స్‌లో చెప్పేది) 3 దాటితే ప్రతి యూనిట్‌కూ వరి దిగుబడి 12 శాతం దాకా పడుతుంది. ఇలాంటిచోట పొడి వెదా వద్దు, ఆరబెట్టడమూ వద్దు, ఆరిన కొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. మంచినీరు పెట్టి మురుక్కి వదిలి నేల కడిగి, 30–35 రోజుల గట్టి నారు, మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం రకాల్లోంచి ఒకటి నాటుకోవాలి. డ్రెయిను నీరు తోడే ముందు దాన్ని పరీక్ష చేయించండి. నాలుకతో రుచి చూసి చెప్పే ఉప్పదనం అప్పటికే పైరుకు ఎక్కువ.

సార్వా వెనక

దాళ్వా వరికి నీళ్లిస్తామన్న ఏడాది కూడా డిసెంబరు దాటి నారు పోస్తే ఈనిక మార్చి చివర, ఏప్రిల్లో పడుతుంది, పైన చెప్పిన 35 డిగ్రీల గీత అక్కడే దాటుతుంది. అదే నేలలో కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లితే మిగిలిన పదునుతోనే పండుతుంది. దానికి పల్లాకు తెగులు, బంగారు తీగ బెడద ఉన్నాయి. దున్నకుండా వేసే మొక్కజొన్నకు నాలుగైదు తడులు కావాలి, ఎరువు బాగా తింటుంది, డబ్బు కూడా ఎక్కువ తెస్తుంది. బోరుంటే మొక్కజొన్న, లేకపోతే మినుము. దాళ్వా వరి మూడోది.

మినుము చల్లే చేనుకు కోత యంత్రం దింపలేరు, చక్రాల కింద మొలక నలిగిపోతుంది. అందుకని చేత్తో కోసి నాలుగైదు రోజులు పనల మీద ఆరబెడతారు. తుఫానుకు దొరికేది ఆ నాలుగైదు రోజులే. బంగాళాఖాతంలో అల్పపీడనం మాట వినపడితే ఆ వారం కోత మొదలుపెట్టొద్దు, నిలబడ్డ చేను పనల కంటే నయం. ఇక ఆగలేనంత పండితే మినుము ఆశ వదులుకుని యంత్రంతో కోసి, గింజ ఒబ్బిడి చేసుకోవాలి. మినుము తర్వాత గొర్రుతో పెట్టుకోవచ్చు, మొలక తగ్గుతుంది గాని మొత్తం పోదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించితే తీసుకోరు. యంత్రం కోసిన ధాన్యం అంతకంటే తేమగానే ఉంటుంది, పరదాల మీద ఆరబెట్టే చోటు ముందే చూసుకోండి.

పనలు తడిసిపోయాయా, నీరు తీసిన వెంటనే లీటరుకు 50 గ్రాముల లెక్కన కల్లుప్పు కలిపి, అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 10 కిలోలు, వెన్నులు తడిసేలా కొట్టాలి. పైవైపు కొట్టి, పనలు తిరగేసి రెండో వైపు కొట్టాలి. ముక్కు పగలకముందు కొడితేనే పని చేస్తుంది. తడిసిన రెండో రోజుకే మొలక కనపడుతుంది కాబట్టి ఉప్పు బస్తా కోతకు ముందే ఇంట్లో ఉండాలి.